చిన్న వస్తువుల ఫొటోలకు ఇంటి లైట్ బాక్సు: విశాఖలో ఉండేవారు ఏది ఎంచుకోవాలి?

ఏటికొప్పాక లక్క బొమ్మలు, గిల్టు నగలు, చేత్తో పోసిన సబ్బులు, ఇత్తడి కుందులు, పాత నాణేలు వంటివాటిని ఇంట్లోనే ఫొటో తీసి వాట్సాప్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో పెట్టేవారికి మొదట ఎదురయ్యే ఇబ్బంది కెమెరాతో కాదు, వెలుగుతో. ఇప్పటి మామూలు ఫోను కెమెరా ఈ పనికి సరిపోతుంది. కానీ ట్యూబులైటు కింద పెట్టి తీసిన బొమ్మకు ఒక పక్క గట్టి నీడ, మరో పక్క తెల్లటి మెరుపు మచ్చ పడి, అసలు రంగేమిటో కొనేవారికి తెలియకుండా పోతుంది. ఈ లోపాన్ని సరిచేసేదే లైట్ బాక్సు, అంటే వస్తువును లోపల పెట్టి పలచని తెల్ల తెర గుండా వెలుగు పంపే పెట్టె. దాన్ని ఇంట్లో చేసుకునే మార్గాలు నాలుగైదు ఉన్నాయి. అన్నీ చవకైనవే కావడంతో దేనితో మొదలుపెట్టాలో తేలక చాలామంది అక్కడే ఆగిపోతారు. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఎక్కువమందికి అట్టపెట్టెతో చేసుకున్నది చాలు, మిగిలిన డబ్బు బల్బు మీద పెట్టాలి. అయితే ఈ సలహా పనికిరాని వస్తువులూ, పనికిరాని ఇళ్లూ ఉన్నాయి కనుక ఒక్కొక్క మార్గాన్నీ విడిగా చూడవలసి ఉంది.

ఎంచుకునే ముందు తేల్చుకోవలసినవి

లైట్ బాక్సు చేసే పని ఒక్కటే: చిన్న దీపాన్ని పెద్ద దీపంగా మార్చడం. మామూలు బల్బు అడ్డం ఆరేడు సెంటీమీటర్లు ఉంటుంది. దాని ముందు అడుగు వెడల్పున్న పలచని తెల్ల తెర కడితే ఆ తెర అంతా వెలుగుతుంది. అప్పుడు వస్తువు మీదికి వెలుగు ఒక బిందువు నుంచి కాక ముప్పై సెంటీమీటర్ల మేర నుంచి వస్తుంది. వస్తువు పరిమాణంతో పోలిస్తే వెలుగు వచ్చే చోటు ఎంత పెద్దదైతే నీడ అంచు అంత మెత్తబడుతుంది. కాబట్టి ఏ పెట్టె గురించి విన్నా ముందుగా అడగవలసింది, తెర ఎంత పెద్దది, అది వస్తువుకు ఎంత దగ్గరగా ఉంటుంది అన్న రెండు ప్రశ్నలే.

తరువాత చూడవలసింది వస్తువు ఉపరితలం. సబ్బు, మట్టి ప్రమిద, ఊలు అల్లిక వంటివి తమ మీద పడిన వెలుగును అన్ని వైపులకూ చెదరగొడతాయి. వాటికి ఏ పెట్టె అయినా సరిపోతుంది. లక్క పూత, ఇత్తడి, బంగారు పూత, గాజు అలా కాదు. అవి తమ చుట్టూ ఉన్నదాన్నే చూపిస్తాయి, అంటే గదిని, ఫోనును, ఫొటో తీస్తున్న మనిషిని కూడా. మెరిసే వస్తువును ఫొటో తీయడమంటే నిజానికి అందులో ప్రతిఫలించేదాన్ని ఫొటో తీయడమే. ఎంపికలో తేడా వచ్చేది ప్రధానంగా ఇక్కడే.

మూడోది, మీకు తీరిక దొరికే వేళ. పగలు ఇంట్లో ఉండేవారి అవసరం వేరు, ఉద్యోగం నుంచి రాత్రి తిరిగొచ్చాక తీసేవారి అవసరం వేరు. నాలుగోది విశాఖలో ఉన్నవారు తప్పక లెక్కలోకి తీసుకోవలసినది: చెమ్మ. సముద్రపు గాలి తగిలే ఇంట్లో ట్రేసింగు కాగితం కొద్ది రోజులకే అలలు తేలుతుంది, అట్టపెట్టె అంచులు మెత్తబడతాయి, టేపు ఊడుతుంది. పొడి ఊళ్లలో ఉండేవారు రాసిన సలహాల్లో ఈ సంగతి కనిపించదు. చివరగా, పని అయ్యాక పెట్టెను ఎక్కడ దాచాలి అన్నది. రెండు గదుల ఫ్లాట్లలో ఇది ధర కంటే పెద్ద ప్రశ్న అవుతుంది.

కిటికీ వెలుగు, ఒక థర్మోకోల్ పలక

పెట్టె అనేదే లేని మార్గం ఇది. కిటికీ పక్కన బల్ల వేసి, దాని మీద తెల్ల చార్టు పరిచి, చార్టు వెనుక భాగాన్ని మడత పడకుండా వంపుగా గోడకు ఆనించాలి. కిటికీకి ఎదురు వైపు, వస్తువుకు జానెడు దూరంలో తెల్ల థర్మోకోల్ పలక నిలబెడితే, అది కిటికీ వెలుగును వెనక్కి తిప్పి నీడ పడిన పక్కను కొంత తేలిక చేస్తుంది. ఖర్చు దాదాపు లేదు. వెలుగు నాణ్యతలో దీనికి సాటి వచ్చేది ఈ పోలికలో మరొకటి లేదు. రంగులు ఉన్నవి ఉన్నట్టుగా వస్తాయి.

సాధారణంగా ఉత్తరపు కిటికీ మంచిదని చెబుతారు, ఎండ నేరుగా రాదు కనుక. విశాఖ విషయంలో దీనికి చిన్న సవరణ అవసరం. ఈ నగరం సుమారు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందువల్ల, మే రెండో వారం నుంచి జులై చివరి వరకు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. ఆ నెలల్లో ఉదయం, సాయంత్రం ఉత్తరపు కిటికీలోకి కూడా ఏటవాలు ఎండ వస్తుంది. డిసెంబరులో దీనికి విరుద్ధంగా దక్షిణపు కిటికీలోంచి ఎండ గది లోపలిదాకా పరుచుకుంటుంది. ఎండ నేరుగా పడే వేళల్లో కిటికీకి పాత తెల్ల పంచె ఒకటి అడ్డంగా కడితే, ఆ కిటికీయే పెద్ద లైట్ బాక్సు తెరగా మారిపోతుంది.

లోపాలు కూడా ఉన్నాయి. వానాకాలంలో మబ్బు కదిలినప్పుడల్లా వెలుగు మారుతుంది. ఒక్క ఫొటోకు ఇది ఇబ్బంది కాదు కానీ ఇరవై బొమ్మలు ఒకే తీరులో కనిపించవలసిన కేటలాగుకు పెద్ద ఇబ్బంది. ఎంవీపీ కాలనీ వంటి చోట్ల ఇళ్లు దగ్గర దగ్గరగా ఉండడం వల్ల ఎదురింటి గోడ రంగు కూడా కిటికీ వెలుగులో కలుస్తుంది; ఆ గోడ పసుపుదో పచ్చదో అయితే తెల్ల చార్టు మీద ఆ ఛాయ తప్పకుండా తేలుతుంది. రాత్రి తీసేవారికి ఈ మార్గం ఎలాగూ లేదు.

అట్టపెట్టె, పలచని తెర

కిరాణా దుకాణంలో అడిగితే ఇచ్చే అట్టపెట్టె దీనికి చాలు. పూర్ణా మార్కెట్ వైపు టోకు దుకాణాల వద్ద ఎంత కావాలంటే అంత పెద్దది దొరుకుతుంది. పెట్టె మీ వస్తువుకు మూడింతలు ఉండాలి, వెడల్పు మాత్రం చార్టు వెడల్పును మించకూడదు. మన దుకాణాల్లో దొరికే నిండు చార్టు 22 అంగుళాలకు 28 అంగుళాలు కనుక, 16 నుంచి 18 అంగుళాల వెడల్పున్న పెట్టె అన్నిటికీ అనువుగా ఉంటుంది.

పెట్టె నోరు మీ వైపు ఉండేలా పక్కకు పడుకోబెట్టాలి. రెండు పక్కలా, పైభాగంలో, రెండేసి అంగుళాల అంచు వదిలి కిటికీల్లా కోయాలి. ఆ అంచు సన్నబడితే పెట్టె కుంగుతుంది కాబట్టి దాన్ని ఆదా చేయడానికి చూడకూడదు. కోసిన చోట్ల ట్రేసింగు కాగితమో తెల్ల గుడ్డో బిగువుగా అంటించాలి. లోపల మిగిలిన అట్ట భాగానికంతా తెల్ల కాగితం అంటించడం తప్పనిసరి. చాలామంది దీన్ని వదిలేస్తారు, అప్పుడు అట్ట గోధుమ రంగు వెలుగులో కలిసి ఫొటో అంతా పాలిపోయిన పసుపుగా వస్తుంది. చార్టును వెనుక పై అంచుకు అంటించి, కింది వరకు వంపుగా జారవిడవాలి. మడత పడితే ఫొటోలో గీతగా కనబడుతుంది.

తెరగా ఏది వాడాలన్న విషయంలో విశాఖకు నా ఓటు గుడ్డకే. ట్రేసింగు కాగితం వెలుగును సమంగా పరుస్తుంది, చేయడమూ తేలిక. కానీ చెమ్మకు ముడతలు పడ్డాక ఆ ముడతలు ఇత్తడి చెంబు మీదా లక్క బొమ్మ మీదా గీతలు గీతలుగా ప్రతిఫలిస్తాయి. పలచని మల్లు గుడ్డను రెండు పొరలుగా వేసి, నాలుగు వైపులా బట్టల క్లిప్పులతో లాగి బిగిస్తే ముడత పడదు, మాసినా ఉతుక్కోవచ్చు. ఉతికేటప్పుడు నీలిమందు మాత్రం పెట్టకూడదు. గుడ్డలోని నీలి ఛాయ వెలుగులోకి దిగుతుంది. వంటింటి బటర్ పేపరు రెండింటికీ మధ్యస్థం, అత్యవసరానికి పనికొస్తుంది.

ఈ పెట్టెకు ఉన్న గొప్ప సౌకర్యం, ఏ వైపు వెలుగు కావాలంటే ఆ వైపు ఉంచుకోగలగడం. ఒక పక్క తెరకు నల్ల చార్టు అడ్డం పెడితే ఆ వైపు వెలుగు ఆగిపోతుంది. మెరిసే వస్తువులకు ఇదెంత అవసరమో కిందికి వచ్చాక తెలుస్తుంది. దీని ప్రధాన లోపం ఆయుష్షు: ఒక వానాకాలం దాటితే అదే గొప్ప. కానీ మళ్లీ చేసుకోవడానికి ఒక మధ్యాహ్నం చాలు కాబట్టి దీన్ని పెద్ద నష్టంగా నేను లెక్కించను.

థర్మోకోల్ పెట్టె

ఇది చూడడానికి అట్టపెట్టెలాగే ఉన్నా పని చేసే తీరు వేరు. అట్టపెట్టెలో వెలుగు తెర గుండా లోపలికి వస్తుంది. థర్మోకోల్ పెట్టెలో వెలుగు లోపలికి ప్రవేశించి తెల్లని గోడల మీద నుంచి పదే పదే చెదిరి వస్తువును చేరుతుంది. పెట్టెను పడుకోబెట్టి, పైగోడలో చదరంగా కోసి గుడ్డ పరిచి, ఒక్క బల్బును పై నుంచి వేలాడదీస్తే సరిపోతుంది. ఒక్క బల్బుతోనే నీడలు దాదాపు మాయమయ్యే పెట్టె ఇదొక్కటే. చెమ్మకు ఏమీ కాదు.

ఫిషింగ్ హార్బర్ వైపు చేపలు, ఐసు మోసిన పెట్టెలు కనిపిస్తాయి కానీ వాటి వాసన వదలదు, లోపలి గోడలు మరకలు పడి ఉంటాయి. మందుల దుకాణాలకు టీకాలు, ఇన్సులిన్ వచ్చే పెట్టెలు శుభ్రంగా ఉంటాయి. తెలిసిన దుకాణంలో అడిగితే ఇస్తారు. అంటించడానికి తెల్ల ఫెవికాల్ వంటి నీటి జిగురే వాడాలి. తోలుకు, రబ్బరుకు వాడే ఘాటు వాసన జిగుర్లూ, స్ప్రే పెయింట్లూ థర్మోకోల్‌ను కరిగించేస్తాయి. పాతకాలపు ఫిలమెంటు బల్బును దీని దగ్గరికి కూడా రానీయకూడదు.

ఇందులో చిక్కేమిటంటే, వెలుగు అన్ని వైపుల నుంచీ ఒకేలా రావడం వల్ల వస్తువు గుండ్రదనం చప్పబడిపోతుంది. సబ్బులకు, అల్లికలకు ఇది హాయి. లక్క బొమ్మకు మాత్రం ఇది సరిపడదు.

పీవీసీ పైపుల చట్రం, గుడ్డ

అరంగుళం పైపులతో ఘనాకారపు చట్రం చేసి తెల్ల గుడ్డ కప్పే పద్ధతి ఇది. రెండడుగుల చట్రం చేసుకుంటే బుట్టలు, చెప్పులు, పెద్ద దీపపు సెమ్మెలు కూడా లోపల పడతాయి. పైపులను కలిపే ఎల్బోలు, టీలు ఏ ప్లంబింగ్ దుకాణంలోనైనా ఉంటాయి. మూడు వైపులా పైపు పట్టే మూల జాయింటు మాత్రం అడిగి వెతకాలి, దొరకకపోతే ఒక ఎల్బోనూ ఒక టీనీ కలిపి సర్దుకోవాలి. జిగురు వేయకుండా బిగిస్తే విడదీసి మంచం కింద పెట్టుకోవచ్చు. చెమ్మకు చెడదు, ఏళ్ల తరబడి ఉంటుంది. పది సెంటీమీటర్ల బొమ్మలు తీసేవారికి ఇది అనవసరమే కాదు, నష్టం కూడా. తెర దూరమైన కొద్దీ వస్తువుకు అది చిన్నదైపోతుంది, మెత్తదనం తగ్గుతుంది.

దుకాణంలో కొనే మడత పెట్టె

ఎల్‌ఈడీ పట్టీలతో వచ్చే మడత పెట్టెలు ఆన్‌లైన్‌లో ఐదారు వందల నుంచి దొరుకుతాయి. తీరిక లేనివారికి ఇవి మంచివే. అయితే చవక రకాల్లో దీపాలు పైకప్పుకే ఉంటాయి, ఆ దీపాల ముందు తెర ఉండదు. మెరిసే వస్తువుల మీద ఆ ఎల్‌ఈడీ చుక్కలు వరుసగా కనబడతాయి. కొన్నా కూడా, ఆ పట్టీల కింద ఒక పొర గుడ్డ కట్టుకోవలసి వస్తుంది.

| మార్గం | బల్బులు కాక ఖర్చు | రాత్రి వేళ | చెమ్మకు | బాగా కుదిరేవి |
|---|---|---|---|---|
| కిటికీ, థర్మోకోల్ పలక | దాదాపు లేదు | కుదరదు | ఇబ్బంది లేదు | లక్క బొమ్మలు, అల్లికలు, తినుబండారాలు |
| అట్టపెట్టె | వంద రూపాయల అటూ ఇటూ | కుదురుతుంది | మెత్తబడుతుంది | దాదాపు అన్నీ, ముఖ్యంగా ఇత్తడి, గాజు |
| థర్మోకోల్ పెట్టె | దాదాపు లేదు | కుదురుతుంది | చెడదు | సబ్బులు, మట్టి వస్తువులు |
| పీవీసీ చట్రం | కొన్ని వందలు | కుదురుతుంది | చెడదు | అడుగు దాటిన వస్తువులు |
| కొన్న మడత పెట్టె | ఐదారు వందల నుంచి | కుదురుతుంది | చెడదు | తొందర పనులు |

డబ్బు పెట్టవలసింది బల్బు మీద

పెట్టెలో మిగిల్చిన డబ్బు ఇక్కడ వాడాలి. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు రెండు, లేదా మూడు, ఒకే కంపెనీవి, ఒకే రకంవి తీసుకోవాలి. మన దుకాణాల్లో ఎక్కువగా ఇచ్చే కూల్ డేలైట్ బల్బు వెలుగు ఛాయ కొలతలో 6500 కెల్విన్ది, కొంచెం నీలిగా ఉంటుంది. వార్మ్ వైట్ 3000 కెల్విన్ దగ్గర పసుపుగా ఉంటుంది. రెండిటిలో ఏదైనా ఫోనులో సర్దుకోవచ్చు కానీ రెండూ కలిపి వాడితే సర్దడానికి వీలుండదు, బొమ్మకు ఒక చెంప నీలిగా, మరో చెంప పసుపుగా మిగులుతుంది. అందుకే ఫొటో తీసేటప్పుడు గదిలోని ట్యూబులైటు ఆర్పాలి, కిటికీ మూయాలి. ఫ్యాను కూడా ఆపక తప్పదు, చార్టూ గుడ్డా కదులుతాయి.

బల్బు డబ్బా మీద సీఆర్‌ఐ అని ఒక అంకె ఉంటుంది; ఆ వెలుగు రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో అది చెబుతుంది. మామూలు బల్బుకు అది 80 దగ్గర ఉంటుంది. 90 ఉన్నది దొరికితే కొంత ఎక్కువైనా కొనవలసిందే. 80 దగ్గర ఉన్న ఎల్‌ఈడీలు ముదురు ఎరుపును సరిగా చూపలేవు. ఏటికొప్పాక బొమ్మల్లోని లక్క ఎరుపు, కుంకుమ భరిణె రంగు, కెంపు రాళ్లు ఆ బల్బు కింద ఇటుక రంగుకు తిరుగుతాయి. తరువాత ఫోనులో ఎంత దిద్దినా, బల్బు వెలుగులో లేని రంగు ఫొటోలోకి రాదు. ఎరుపు వస్తువులు అమ్మేవారికి ఇదొక్కటే అన్నిటికంటే విలువైన ఖర్చు.

మన కరెంటు 50 హెర్ట్జ్ కావడం వల్ల నాసిరకం ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు, ఫొటోలో అడ్డ చారలుగా పడుతుంది. కొనేముందు వెలుగుతున్న బల్బును ఫోనులో స్లో మోషన్ వీడియో తీసి చూస్తే మినుకు బయటపడుతుంది. ఇంట్లో ఉన్నవాటితోనే సరిపెట్టుకోవాలంటే ఫోను కెమెరాలో అన్నీ మనమే సర్దుకునే ప్రో మోడులో షట్టరు వేగాన్ని సెకనులో 1/50 వంతుగానో 1/100 వంతుగానో ఉంచితే చారలు పోతాయి.

బల్బును తెరకు ఆనించకూడదు. ఆనిస్తే తెర మధ్యలో ఒక ప్రకాశవంతమైన చుక్క మాత్రమే వెలుగుతుంది. అడుగు దూరంలో ఉంచితే తెర అంతా వెలుగుతుంది. వెలుగు తగ్గుతుంది, నిజమే, కానీ వస్తువు కదలదు కాబట్టి ఫోనును స్టాండు మీద పెట్టి రెండు సెకన్ల టైమరుతో నిదానంగా తీయవచ్చు.

వస్తువును బట్టి

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి, తిరుగుతున్నప్పుడే లక్క పూసి చేసే బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ బొమ్మల అందం వాటి నునుపులో, గుండ్రదనంలో ఉంది. చుట్టూ తెల్లగా ఉన్న పెట్టెలో పెడితే లక్క మీద పాల పొరలాంటి తెలుపు పరుచుకుని రంగు వెలిసినట్టు కనబడుతుంది. వీటికి ఒకే పక్క నుంచి, నిలువుగా పొడవైన తెర గుండా వెలుగు రావాలి. రెండో పక్క ఏమీ లేకుండానో, దూరంగా ఒక థర్మోకోల్ పలకతోనో వదిలేయాలి. అప్పుడు బొమ్మ ఒంటి మీద నిలువుగా ఒకే ఒక సన్నని మెరుపు గీత పడి, నునుపూ గుండ్రదనమూ రెండూ తెలుస్తాయి. కిటికీ పక్క పద్ధతి గానీ, పై తెరనూ ఒక పక్క తెరనూ మూసిన అట్టపెట్టె గానీ ఇందుకు తగినవి. ఈ బొమ్మలు అమ్మేవారు థర్మోకోల్ పెట్టె జోలికి పోకపోవడమే మంచిదని గట్టిగా చెబుతాను.

ఇత్తడికీ వెండికీ ఇందుకు విరుద్ధంగా చుట్టూ తెలుపు కావాలి. పెట్టె ముందు నోటిని కూడా తెల్ల చార్టుతో మూసి, లెన్సు పట్టేంత రంధ్రం మాత్రం చేసి అందులోంచి తీయాలి. లేకపోతే చెంబు బొజ్జ మీద మీరే కనిపిస్తారు. అంతా తెల్లగా మారాక అంచులు నేపథ్యంలో కలిసిపోతాయి, కాబట్టి వస్తువుకు రెండు పక్కలా, ఫొటోలో పడకుండా, రెండు వేళ్ల వెడల్పు నల్ల కాగితపు ముక్కలు నిలబెట్టాలి. ఆ నలుపు అంచుల మీద ప్రతిఫలించి ఆకారాన్ని గీసినట్టు చూపుతుంది. గాజు సీసాకు వెలుగు వెనుక నుంచి రావాలి. అట్టపెట్టె వెనుక గోడను కూడా కోసి తెర కట్టుకుంటే చాలు, పక్కల నల్ల ముక్కలు అక్కడా అవే.

గిల్టు నగలకు పెట్టె కంటే సులువైనది ఒకటుంది. పాల రంగు ప్లాస్టిక్ డబ్బా అడుగు కోసేసి, నగ మీద బోర్లించి, కోసిన చోటి నుంచి ఫోనుతో తీయాలి. రెండు పక్కలా బల్బులు పెడితే డబ్బా గోడే తెరగా పని చేస్తుంది. రాళ్ల నగలైతే ఒక బల్బును డబ్బా బయట నుంచి కాక పైన కోసిన చోటి నుంచి కొద్దిగా లోపలికి చూపాలి; పూర్తిగా మెత్తని వెలుగులో రాళ్లకు తళుకు ఉండదు.

నాణేలు సేకరించేవారికి మాత్రం ఏ లైట్ బాక్సూ నేను సూచించను. అన్ని వైపుల నుంచీ వచ్చే వెలుగులో నాణెం మీది అక్షరాల ఎత్తుపల్లాలు సమసిపోతాయి. నాణెం పైన ఒక గాజు పలకను 45 డిగ్రీల ఏటవాలుగా నిలిపి, పక్క నుంచి వెలుగు పంపితే, ఆ గాజు వెలుగును నిటారుగా నాణెం మీదికి దించుతుంది. గాజు గుండా పై నుంచి ఫొటో తీయాలి. మెరుపు పోయిన పాత రాగి నాణేలకు గాజు కూడా అక్కరలేదు, ఒక పక్క నుంచి తక్కువ ఎత్తులో ఒకే బల్బు చాలు.

ఫోనులో మార్చుకోవలసినవి

తెల్ల నేపథ్యం ఫొటోలో బూడిద రంగుగా రావడం పెట్టె లోపం కాదు. కెమెరా ఎదుట ఉన్నదంతా సగటు బూడిద రంగని భావించి వెలుగును కొలుస్తుంది కనుక తెలుపు మసకబారుతుంది. వస్తువు మీద వేలితో నొక్కిపట్టి ఫోకసునూ వెలుగునూ స్థిరపరచి, సూర్యుడి గుర్తును పైకి జరిపి ఒక స్టాపు దాకా, అంటే వెలుగు రెండింతలయ్యే దాకా, పెంచాలి. నల్ల గుడ్డ మీద తీస్తే అంతే మేర తగ్గించాలి.

ఫోను మామూలు లెన్సు వెడల్పు రకానిది; దగ్గరికి వెళ్లి తీస్తే బొమ్మ తల పెద్దగా, కాళ్లు సన్నగా వస్తాయి. రెండడుగులు వెనక్కి జరిగి 2 రెట్ల జూమ్ వాడితే నిష్పత్తి నిలుస్తుంది. తెలుపును తెలుపుగా చూపించే వైట్ బ్యాలెన్సును ఆటోలో వదిలేస్తే ఎర్ర బొమ్మకొక తీరు, పచ్చ బొమ్మకొక తీరు అవుతుంది. ప్రో మోడులో ఖాళీ చార్టును చూస్తూ ఒకసారి సరిచేసి, ఆ విడత అంతా దాన్ని ముట్టుకోకూడదు. బల్ల మీద పెట్టె మూలలకూ, బల్బులు నిలిపిన చోట్లకూ, ఫోను స్టాండు కాళ్లకూ రంగు టేపు ముక్కలు అంటించి ఉంచితే, నెల తరువాత కొత్త సరుకు వచ్చినప్పుడు తీసిన ఫొటోలు పాతవాటి పక్కన పెట్టినా తేడా కనబడదు.